లిటిల్ లీగు: ఒక బంతియాట కథ

గడచిన మాసములో మదనపల్లె నుండి మాకు ఒక ఉత్తరము వచ్చినది. వ్రాసినవారు ఉద్యోగ విరమణ చేసి ఇంటిపట్టున ఉన్న ఒక పెద్దమనిషి. చేతివ్రాత ఉత్తరములు మా కార్యాలయమునకు రావడమే అరుదైపోయిన ఈ రోజులలో, రెండు పుటలు నిండుగా, గుండ్రని అక్షరములతో వచ్చిన ఆ ఉత్తరమును మేమందరము చేతులు మార్చుకొని చదివినాము. వారి కుమారుడు అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రమున ఇంజనీరు. ప్రతి శనివారము ఉదయము అతడు ఒక మైదానమునకు పోయి, సున్నము వంటి తెల్లని పొడితో నేలపై గీతలు గీయుచున్నాడట. పదకొండేండ్ల మనవరాలు టోపీ పెట్టుకొని, ఒక చేతికి పెద్ద తోలు తొడుగు తగిలించుకొని ఆ గీతల నడుమ ఆడుచున్నదట. కోడలు చెట్టు క్రింద కూర్చుండి లెక్క వ్రాయుచున్నదట. ఇదంతయు వారు సెల్‌ఫోనులో చూచినారు.

వారు మమ్ము అడిగినవి మూడు ప్రశ్నలు. ఈ ఆట ఏమిటి? ఇంత చదువు చదివిన కుమారుడు ఒక్క పైసా జీతము లేకుండ ఆ గీతలు గీయుటకు కారణమేమిటి? ఆడపిల్ల అట్లు మైదానములో దొర్లుట తగునా? మూడవ ప్రశ్న క్రింద గీత గీసి మరీ వ్రాసినారు. ఇటువంటి సందేహము వారి యొక్కరిదే కాదనియు, మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతముల నుండి పిల్లలను సముద్రములు దాటించిన ఇండ్లలో పలువురిదై ఉండుననియు తోచి, ఆ ఉత్తరమునకు జవాబు ఈ ప్రసంగముగానే చెప్పదలచినాము.

మొదట ఆట సంగతి. ఆ చిన్నవారు ఆడునది సాఫ్టుబాలు. దాని తల్లి బేసుబాలు. బేసుబాలు మనకు కొత్తగాని, దాని ప్రాణము మనకు కొత్త కాదు. కఱ్ఱతో కొట్టుట, దూరముగా పంపుట, పట్టువడకుండుట – ఇదియే గదా బిళ్ళంగోడు! కుప్పము వీధులలో ఒకే ఆటను తెలుగు పిల్లవాడు బిళ్ళంగోడనును, అరవ పిల్లవాడు గిల్లి యనును, కన్నడ పిల్లవాడు చిన్నిదాండు అనును. ముగ్గురును కలిసి ఆడుదురు, ముగ్గురును తమ తమ భాషలలో తగవులాడుదురు. బేసుబాలులో బిళ్ళకు బదులు బంతి, గోడుకు బదులు రోకలి వంటి గుండ్రని బ్యాటు. వజ్రాకారముగా గీసిన చదరమునకు నాలుగు మూలలు. ఆ మూలలనే బేసులందురు. బంతి విసరువాడు నేలకు తగులకుండ విసరును. ఆడువాడు దానిని కొట్టి, ఒక్కొక్క మూలను తాకుచు చుట్టివచ్చి బయలుదేరిన చోటికి చేరినచో ఒక పరుగు. మూడుసార్లు గురి తప్పినచో అతని పని సరి. కొట్టిన బంతిని గాలిలోనే పట్టినను సరి. క్రికెట్టులో బంతిని కొట్టియు కదలకుండ నిలువవచ్చును. ఇక్కడ బంతి గీతల లోపల పడినదా, పరుగెత్తి తీరవలెను. అందువలన ఈ ఆటలో సోమరితనమునకు చోటు తక్కువ. క్రికెట్టు అభిమానులు మమ్ము క్షమింతురు గాక!

సాఫ్టుబాలనగా మెత్తని బంతి యని అర్థము. ఆ పేరును నమ్మరాదు. ఆ బంతి ఏమాత్రము మెత్తనిది కాదు. 1887లో షికాగో నగరమున జార్జి హాంకాక్ అనునతడు చలికాలములో ఇంటి లోపల ఆడుకొనుటకు, ముష్టియుద్ధపు తొడుగును చుట్టి కట్టి బంతిగా చేసి ఈ ఆటను మొదలుపెట్టినాడు. పేరు ఆ నాటి మెత్తదనమునకు గుర్తుగా మిగిలినది. నేటి సాఫ్టుబాలు చుట్టుకొలత 12 అంగుళములు. బేసుబాలుది 9 అంగుళములు. సాఫ్టుబాలులో బంతిని భుజము మీదుగా కాక, చేయి క్రిందినుండి త్రిప్పి విసరవలెను.

ఇక రెండవ ప్రశ్న. జీతము లేని పని ఎందుకు?

దీనికి 1938వ సంవత్సరపు వేసవికి వెళ్ళవలెను. పెన్సిల్వేనియా రాష్ట్రములో విలియమ్సుపోర్టు అను ఊరు. కార్ల్ స్టాట్జ్ అను ఒక సామాన్య గృహస్థు తన పెరటిలో ఇద్దరు మేనల్లుళ్ళతో బంతి ఆడుచుండగా, కొట్టివేసిన పూలపొద మోడు కాలికి తగిలి చీలమండ గీరుకొన్నది. నొప్పితో మెట్ల మీద కూలబడినాడు. అప్పుడు అతనికి తన బాల్యము గుర్తునకు వచ్చినది. పెద్ద పిల్లలు ఆడుచుండగా చిన్నవారు మైదానము అంచున నిలిచి చూచెడివారు. ఎప్పుడైన ఎవరో రానప్పుడు పిలుపు వచ్చెడిది. వచ్చినను, పెద్దలకు కొలిచిన మైదానములో ఎనిమిదేండ్ల వాని చేయి బంతిని ఎంతదూరము విసరగలదు? చిన్నవారి కొలతకు ఈ ఆటను కుదించరాదా యని అతనికి తోచినది.

ఆ వేసవియంతయు అతడు ఇరుగుపొరుగు పిల్లలను చేర్చి, పాత వార్తాపత్రికలను మడచి బేసులుగా పరచి, ఒక్కొక్క అడుగు జరుపుచు కొలతలు వెదకినాడు. పెద్దల ఆటలో ఒక మూలకు, మరియొక మూలకు మధ్య 90 అడుగులు. అతడు దానిని 60 అడుగులకు తెచ్చినాడు. పెద్దలు తొమ్మిది విడతలు ఆడగా పిల్లలకు ఆరు విడతలు చాలునన్నాడు. పుంగనూరు ఆవును చూచినవారికి ఇందులోని సూక్ష్మము చెప్పనక్కరలేదు. మూడడుగుల ఎత్తుండి, మెట్టసీమలో దొరికిన గడ్డితో బ్రతికి, చిక్కని పాలిచ్చు ఆ ఆవును ఎవరును సగము ఆవు అనరు. స్టాట్జ్ చేసినదియు అట్టిదే. ఆటను తగ్గించలేదు, ఆడువానికి సరిపోవునట్లు కొలిచినాడు.

కొలతలు కుదిరినవి కాని దుస్తులకు డబ్బు కావలెను. ఊరిలోని అంగళ్ళు, కంపెనీలు ఒక్కొక్కటియే ఎక్కి దిగినాడు. యాభైయారు చోట్ల లేదన్నారని, యాభైయేడవ చోట ఒక పాలకేంద్రము వారు సరే యన్నారని ఆ ఊరివారు నేటికిని చెప్పుకొందురు. వచ్చిన విరాళము 30 డాలర్లు. దానితో మూడు జట్లకు దుస్తులు వచ్చినవి. పాలకేంద్రము పేర లైకమింగ్ డెయిరీ జట్టు. కలప అడితి పేర లండీ లంబర్ జట్టు. మన జంతికల వలె మెలిపెట్టిన ఉప్పురొట్టెలు చేయువారి పేర జంబో ప్రెట్జెల్ జట్టు. 1939 జూను 6వ తేదీన మొదటి ఆట జరిగినది. కలప అడితివారు పాలకేంద్రమువారిని 23 పరుగులకు 8గా ఓడించినారు. అన్ని పరుగులనగా పట్టవలసిన బంతులలో సగము చేజారియుండునని మా ఊహ! అయినను ఆ వేసవి చివర సంవత్సరపు గెలుపును పాలకేంద్రమువారే దక్కించుకొన్నారు. చివరి ఆటలో ఒకే పరుగు తేడా, 3కు 2. జూనులో చేజారిన చేతులు వేసవి ముగియునప్పటికి పట్టు నేర్చుకొన్నవన్నమాట.

స్టాట్జ్‌కు తోడు నిలిచినవారు బెబిల్ సోదరులిద్దరు. తలకొక జట్టును తీసికొని శిక్షణ యిచ్చినారు. ఎవరికిని జీతము లేదు. పగలు తమ తమ ఉద్యోగములు. సాయంకాలము గడ్డి కోయుట, గీతలు గీయుట, చిరిగిన బంతి కుట్టించుట, ఏడ్చుచున్న పిల్లవానిని ఓదార్చుట. పెద్దమనిషి గారి కుమారుడు న్యూజెర్సీలో చేయుచున్నది ఆ పనియే. ఆ వ్యవస్థ పేరు లిటిల్ లీగు. నేడు 80కి పైగా దేశములలో సుమారు 20 లక్షలమంది పిల్లలు దాని పేర ఆడుచున్నారు. నేటికిని ఊరూర దానిని నడుపువారు తల్లిదండ్రులే. ప్రతి సంవత్సరము ఆగస్టులో విలియమ్సుపోర్టున జరుగు ప్రపంచపు పోటీలో, వేలమంది చూచుచుండగా తీర్పు చెప్పు అంపైరులు సైతము వేతనము లేనివారే.

వ్యాపించుట త్వరగానే వ్యాపించినది. 1947లో పెన్సిల్వేనియా వెలుపల, న్యూజెర్సీలోనే, మొదటి శాఖ వెలసినది. ఆ యేడే పెద్ద పోటీ మొదలైనది. 1948లో ఒక రబ్బరు కంపెనీ ఖర్చు భరించుటకు ముందునకు వచ్చినది. 1951 నాటికి కెనడాకును, పనామాకును పాకినది. డబ్బు వచ్చినచోట కార్యాలయము, కార్యాలయము వచ్చినచోట అధ్యక్షుడు, అధ్యక్షుడు వచ్చినచోట తగవు రావడము అన్ని దేశములలోను ఉన్నదే. 1952లో పీటర్ మెక్‌గవర్న్ పూర్తికాలపు అధ్యక్షుడైనాడు. ఊరూర ఆడవలసిన ఆట పెద్ద పోటీ చుట్టు, పెద్ద కంపెనీ చుట్టు తిరుగుచున్నదని స్టాట్జ్ మనసు కష్టపెట్టుకొన్నాడు. వ్యవహారము 1955లో న్యాయస్థానమునకెక్కి, మరుసటి సంవత్సరము తెగతెంపులతో ముగిసినది. పుట్టించినవాడు తాను పుట్టించిన సంస్థకు పరాయివాడైనాడు. ఆయన మాత్రము ఆ ఊరు విడువలేదు. పాత మైదానములోనే ‘ఒరిజినల్ లీగు’ అను పేరుతో పిల్లలకు ఆటను సాగించినాడు. 1992లో మరణించినాడు.

ఇంతవరకు చెప్పినది విని, ఇది కేవలము మంచివారి కథ యని శ్రోతలు అనుకొనవచ్చును. కాదు. గీతలు గీయు చేతులే గేటును మూయగలవు.

అదే 1955వ సంవత్సరమున దక్షిణ కరోలినా రాష్ట్రములో చార్లెస్టన్ అను రేవుపట్టణమున కానన్ వీధి వై.ఎం.సి.ఏ. వారు నల్లజాతి పిల్లల జట్టును పోటీకి నమోదు చేయించినారు. పిల్లల వయస్సు పదకొండు, పన్నెండు సంవత్సరములు. నియమముల ప్రకారము అడ్డేమియు లేదు; లిటిల్ లీగు నియమములలో జాతిభేదము లేదు. కాని ఆ జట్టుతో ఆడనొల్లక నగరములోని తెల్లజాతి జట్లు వైదొలగినవి. తరువాత రాష్ట్రమంతటను తెల్లజాతి జట్లన్నియు వైదొలగినవి. అట్లు వైదొలగినవారు వేరు కుంపటి పెట్టుకొన్నారు. కానన్ వీధి పిల్లలు ఒక్క బంతియైన ఆడకుండగనే రాష్ట్ర విజేతలైనారు. అప్పుడు సంస్థ పెద్దలు ఏమి చేసినారు? తెల్లజాతివారి పట్టుదలకు లొంగి ఆ పిల్లలను నిషేధింపలేదు; అది వారి ఘనతయే. కాని, మైదానములో గెలిచినవారే పైపోటీకి పోవలెనను నియమము చూపి, మీరు ఆడి గెలువలేదు గనుక పైకి రాకూడదన్నారు. ఆడనివ్వనిది పెద్దలు, ఆడలేదను తప్పు పిల్లలది!

ఆ పిల్లలను విలియమ్సుపోర్టుకు అతిథులుగా మాత్రము ఆహ్వానించినారు. వారు తమ దుస్తులు ధరించి పోయినారు. ఆటకు ముందు కొంతసేపు మైదానములో బంతి విసురుకొనుటకు అనుమతి దొరికినది. వారి చేతివాటము చూచిన జనము ‘వాళ్ళను ఆడనివ్వండి, ఆడనివ్వండి’ అని కేకలు వేసినారట. ఆ పిమ్మట పిల్లలు పోయి మెట్ల మీద కూర్చుండి ఇతరుల ఆట చూచినారు. 2002లో, అనగా 47 సంవత్సరముల పిమ్మట, ఆ సంస్థ వారిని పిలిచి 1955 రాష్ట్ర విజేతల పతాకమును చేతికిచ్చినది. అప్పటికి ఆ పిల్లలకు అరువదేండ్లు సమీపించినవి.

ఇక మన పెద్దమనిషి గారి మూడవ ప్రశ్న. ఆడపిల్ల.

1950లో న్యూయార్కు రాష్ట్రములోని కార్నింగ్ అను ఊరిలో కాథరిన్ జాన్‌స్టన్ అను బాలిక జడలు కత్తిరించుకొని, టోపీ పెట్టుకొని, టబ్బీ అను మగపిల్లవాని పేరుతో జట్టులో చేరినది. తన ఆట నిలదొక్కుకొన్న పిమ్మట శిక్షకునకు నిజము చెప్పినది. ఆయన ఉండనిచ్చినాడు. పై కార్యాలయము ఉండనివ్వలేదు. మరుసటి యేడు ఆడపిల్లలు ఆడరాదని నియమము వ్రాసినారు. ఆ నియమమునకు ఆ బాలిక మారుపేరే వాడుక పేరైనది. ఒక పన్నెండేండ్ల పిల్లను ఆపుటకు ఒక చట్టము!

ఆ చట్టము ఇరవైమూడేండ్లు నిలిచినది. 1972లో న్యూజెర్సీలోని హోబోకెన్ నగరమున మరియా పెపె అను బాలికకు స్థానిక శిక్షకుడు జట్టులో చోటిచ్చినాడు. ఆమె మూడు ఆటలు ఆడినది. ఆమెను తొలగింపనిచో ఊరి శాఖ గుర్తింపునే రద్దు చేయుదుమని పైనుండి తాఖీదు వచ్చినది. ఒక్క పిల్ల కొరకు ఊరి పిల్లలందరి ఆట పోవునను భయముతో ఆమె చేత దుస్తులు తిరిగి ఇప్పించినారు. మహిళా సంఘమువారు వ్యాజ్యము తెచ్చినారు. ఆడపిల్లల ఎముకలు మగపిల్లల ఎముకలంత గట్టివి కావని సంస్థవారు సాక్ష్యము చెప్పించినారు. సాక్ష్యము చెప్పిన శరీరశాస్త్రజ్ఞుడు క్రైటన్ హేల్ సామాన్యుడు కాడు. బంతి తగిలి పిల్లల తలలు పగులకుండ చెవులు కప్పు శిరస్త్రాణమును రూపొందించిన మేలు ఆయనదే. పిల్లల తలలను కాపాడినవాడే కొందరు పిల్లలకు మైదానమే వలదన్నాడు. మనుష్యులు ఇట్లే ఉందురు.

1973 నవంబరులో విచారణాధికారిణి సిల్వియా ప్రెస్లర్ బాలికల పక్షమున తీర్పు చెప్పినారు. పై న్యాయస్థానము 1974లో దానిని ఖాయపరచినది. ఆ వసంతమున న్యూజెర్సీలో కొన్ని ఊళ్ళవారు ఆడపిల్లలను చేర్చుకొనుటకంటె ఆటనే నిలిపివేయుట మేలని నిలిపివేసినారు. కాని అది ఎంతోకాలము సాగలేదు. ఆ సంవత్సరమే సంస్థ నియమమును మార్చుకొన్నది. సాఫ్టుబాలు శాఖను తెరచినది. ఆ డిసెంబరు 26న అధ్యక్షుడు ఫోర్డు సంతకముతో, లిటిల్ లీగునకు దేశ శాసనసభ యిచ్చిన అధికారపత్రములో ‘బాలురు’ అను మాట పోయి ‘యువజనులు’ అను మాట వచ్చినది. మరియా పెపెకు మాత్రము అప్పటికి వయస్సు దాటిపోయినది. ఆమె మరల ఆ మైదానమున ఆడలేదు. 2014లో మోనే డేవిస్ అను పదమూడేండ్ల బాలిక ప్రపంచపు పోటీలో బంతి విసరి, ఎదుటి జట్టుకు ఒక్క పరుగైన ఈయక గెలిచినది. అట్లు గెలిచిన మొదటి బాలిక ఆమెయే.

కావున, అయ్యా, మీ మనవరాలు ధరించిన ఆ చొక్కా మీ కుమారుడు కొన్నదే కావచ్చును గాని, దానిని ధరించు హక్కు అదే న్యూజెర్సీలో న్యాయస్థానపు మెట్లెక్కి వచ్చినది. తగునా యని మీరు అడిగినారు. తగునని మా జవాబు. అంతకంటె మెత్తగా చెప్పుట మా చేత కాదు.

పెద్దల వలన పిల్లలకు కలుగు ఇబ్బందులు ఇంకను ఉన్నవి. వేగముగా చెప్పి దాటుదుము. గెలుపు మీది మోజుతో వయస్సు దొంగిలించుట అందులో ఒకటి. 2001లో న్యూయార్కు నగరపు జట్టొకటి ఆ విధముగా పట్టువడి, గెలిచిన ఆటలన్నియు కోల్పోయినది. దొంగపత్రము సృష్టించినది పెద్దలు, తల వంచుకొన్నది పిల్లవాడు. తైవాను ద్వీపములో కొండజాతి పిల్లల బడి హోంగ్యే జట్టు 1968లో జపానువారిని ఓడించి దేశమంతటిని ఉర్రూతలూగించినది. రాళ్ళతోను, కఱ్ఱలతోను నేర్చుకొన్న పిల్లలని లోకము మెచ్చుకొన్నది. ఆ జట్టులోను మారుపేర్లతో ఆడించినారని బడి పెద్దలకు మరుసటి యేడు శిక్ష పడినది. రెండవది చేయి అరిగిపోవుట. బాగుగా విసరు పిల్లవాని చేతనే ఎడతెగక విసరింపజేయుట వలన లేత కీళ్ళు చెడిపోవుచుండగా, 2007 నుండి ఒక్క దినమున ఎన్ని బంతులు విసరవచ్చునో లిటిల్ లీగు లెక్క కట్టినది. బేసుబాలులో పదకొండు, పన్నెండేండ్లవారికి 85.  

మన దేశమునకు ఈ ఆటలు రాకపోలేదు. 1920లో మదరాసులో వై.ఎం.సి.ఏ. వ్యాయామ విద్యా కళాశాలను స్థాపించిన హ్యారీ క్రో బక్ అమెరికా దేశస్థుడే. 1924 పారిస్ ఒలింపిక్సునకు మన ఆటగాండ్రను సిద్ధము చేసినది ఆయనయే. మన చిత్తూరు సీమ 1953 వరకు మదరాసు రాష్ట్రములోనిదే గనుక, ఇక్కడి డ్రిల్లు మాష్టర్లు ఎందరో ఆ కళాశాల గాలి సోకినవారే. మదనపల్లెలో 1863లోనే అమెరికా ఆర్కాటు మిషనువారు స్థిరపడినారు. 1915లో అనిబిసెంటమ్మ గారి కళాశాల వెలసినది. ఇన్ని దారులున్నను వాలీబాలు నిలిచినంతగా బేసుబాలు ఇక్కడ నిలువలేదు. వాలీబాలునకు ఒక వల, రెండు గుంజలు, ఒక బంతి చాలును. బేసుబాలునకు తలకొక తోలు తొడుగు కావలెను. పేద బడులకు అదియే పెద్ద అడ్డు. మన దేశమున సాఫ్టుబాలు సంఘము 1961లోను, బేసుబాలు సంఘము 1983లోను ఏర్పడినవి. పాఠశాలల పోటీలలో సాఫ్టుబాలునకు చోటున్నది. అనంతపురము క్రీడాగ్రామములో పల్లెటూరి పిల్లలకు దానిని నేర్పినారు. కాని పోటీకి నాలుగు వారముల ముందు జట్టు కూర్చి, పోటీ కాగానే సామగ్రిని బీరువాలో పెట్టి తాళము వేయుట వేరు. ప్రతి శనివారము గీతలు గీయుట వేరు.

ఈ మాట మేము ఇతరులను ఆక్షేపించుటకు చెప్పుటలేదు. మా స్వానుభవముతోనే చెప్పుచున్నాము. ఇరవై యేండ్లకు పూర్వము, కళాశాల చదువు ముగిసిన రోజులలో, మేమును, మిత్రులు మరి ముగ్గురును పుంగనూరులో వేసవి సాయంకాలములు పిల్లల చేత ఈ ఆట ఆడించినాము. గ్రంథాలయములో ఒక పాత పత్రికలో చదివిన నియమములే మాకు గురువులు. తొలుత తోలు తొడుగులు లేవు గనుక టెన్నిసు బంతి. బ్యాటు చింతకఱ్ఱతో వడ్రంగి చేత చేయించినది. దానిని ఎత్తలేక సగము పిల్లలు తామే గిరగిర తిరిగిపోయెడివారు. మడచిన గోనెసంచులు బేసులు. ముగ్గుపిండితో గీతలు. నీరెండిన చెరువు అంచున, గట్టు ప్రక్కన మా మైదానము. మొదటి వారము ఏడుగురు వచ్చినారు. నెల తిరుగునప్పటికి ఇరువదిముగ్గురు.

అందులో ఒక పిల్లవానికి ప్రతి సాయంత్రము వాని అక్క మజ్జిగ తెచ్చి గట్టు మీద కూర్చుండెడిది. పన్నెండు, పదమూడేండ్లు ఉండును. ఒకనాడు ఎవరో కొట్టిన బంతి గట్టు దాటి ఆమె దగ్గర పడినది. ఆమె లేచి, ఓణీ నడుముకు చెక్కుకొని, విసరినది. ఆ బంతి గట్టు మీది నుండి సూటిగా వచ్చి మా చేతిలో పడినది. మేము చేయి జరుపవలసిన పని కూడ లేకపోయినది. మైదానములోని పిల్లలందరు ఒక్క క్షణము నిలిచిపోయి చూచినారు. మేమును చూచినాము. ఆ పైన చాలసార్లు బంతులు గట్టు దాటినవి. ప్రతిసారియు అట్లే తిరిగి వచ్చినవి. రెండు వేసవులు ఆమె ఆ గట్టు మీదనే కూర్చున్నది. క్రిందికి రమ్మని మేము పిలువలేదు. పిలువరాదని ఎవరును మాతో అనలేదు. మాకును వలదని తోచలేదు. పిలువవలెనని తోచలేదు, అంతే.

మూడవ వేసవికి మాలో ఒకరికి బెంగుళూరులోను, ఒకరికి కుప్పములోను, మాకు ఆకాశవాణిలోను ఉద్యోగములు దొరికినవి. నాలుగవ మిత్రుడు ఒక్కడే ఒక నెల లాగి మానుకొన్నాడు. ఆట ఎందుకాగినదని అడిగినవారికి ఉద్యోగములు వచ్చినవని చెప్పినాము. నిజమే గాని, పూర్తి నిజము కాదు. స్టాట్జ్ నియమములను కాగితముపై పెట్టి, తండ్రులను పిలిచి తలకొక పని అప్పగించినాడు. తాను వెళ్ళగొట్టబడిన పిమ్మటను ఆట నిలుచునట్లు చేసినాడు. మేము ఒక్క తండ్రినైన పిలువలేదు. మజ్జిగ తెచ్చిన ఆ పిల్ల చేతికి లెక్కపుస్తకమైన ఈయలేదు. ఆ చింతకఱ్ఱ బ్యాటు ఎవరి ఇంట కట్టెలలో కలిసినదో తెలియదు.

పోయిన వారము పనిమీద ఆ దారిని పోవుచు ఆగి చూచినాము. గట్టు ప్రక్కన స్థలములో కొంత మేర ఇండ్లు లేచినవి. మిగిలినదానిని అడుగులతో కొలిచినాము. ఒక మూల నుండి ఒక మూలకు 60 అడుగులు ఇంకను వచ్చును. మూడవ మూల వద్ద మాత్రము ఎవరో గడ్డివామి వేసినారు.

పెద్దమనిషి గారికి ఈ సంగతులన్నియు క్లుప్తముగా ముందే ఉత్తరములో వ్రాసినాము. నిన్న మరల వారి కార్డు వచ్చినది. ఈసారి తగునా, తగదా యను మాట లేదు. మనవరాలు తాను ‘షార్టుస్టాపు’ నని ఫోనులో చెప్పినదట. అది ఎక్కడ నిలుచు చోటు, ముఖ్యమైనదా, బొమ్మ గీసి పంపుదురా యని అడిగినారు. రెండవ మూలకు, మూడవ మూలకు నడుమ నిలుచు చోటది. కుడిచేతివాటము వారు కొట్టిన బంతులు ఎక్కువగా అటే వచ్చును గనుక, చురుకైనవారికే ఆ చోటు ఇత్తురు. బొమ్మ ఈ సాయంకాలపు టపాలో పంపుచున్నాము.